రోహింగ్యాల గురించి బాలాపూర్‌లో తరచూ వినే అపోహలు

హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యా శరణార్థుల కాగితాల పని చూస్తుంటాను. ఆటో డ్రైవర్ల నుంచి ఆఫీసు క్లర్కుల దాకా అందరూ నాతో అనే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: "అక్కడేవో గొడవలయ్యాయి, భయపడి వచ్చేశారు."

వాస్తవం: గొడవలకు చాలా ముందే వాళ్ళను కాగితాల మీద లేకుండా చేశారు. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం కింద గుర్తించిన జాతుల్లో రోహింగ్యాలను చేర్చలేదు. చేతిలో మిగిలిన తెల్లకార్డులు (తాత్కాలిక గుర్తింపు కార్డులు) కూడా 2015లో రద్దయ్యాయి, వాటితోపాటే ఓటూ పోయింది. 1978లో ఒకసారి, 1991-92లో ఇంకోసారి లక్షల్లో బంగ్లాదేశ్‌కు పారిపోవాల్సి వచ్చింది. 2017 ఆగస్టులో సాయుధ బృందం ఒకటి పోలీసు పోస్టుల మీద దాడి చేస్తే, సైన్యం ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టింది. కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు.

ఇక్కడొక పెద్దావిడ పాలిథిన్ కవర్లోంచి మయన్మార్ సర్కారు రాసిచ్చిన తమ కుటుంబ సభ్యుల జాబితా తీసి చూపించింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించుకుంది. ఇల్లు కాలిపోతుంటే ఆమె చేతికందింది అదొక్కటే. తాను ఆ ఊరి మనిషినని చెప్పడానికి ఇంకే ఆధారమూ లేదు.

అపోహ: "ఐక్యరాజ్యసమితి తలుచుకుంటే ఒక్కరోజులో ఆపేది."

వాస్తవం: దానికి సొంత సైన్యం లేదు. బలగాలు పంపాలంటే భద్రతామండలి ఒప్పుకోవాలి, వీటో ఉన్న ఐదు దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా పని ఆగిపోతుంది. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో జనాన్ని నరుకుతుండగానే శాంతిదళాన్ని 270 మందికి కుదించాలని తీర్మానించింది ఆ మండలే. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. రోహింగ్యాల కోసం 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం. మర్నాటి ఏడాది జనవరిలో వచ్చినవి మధ్యంతర ఆదేశాలే. వాటిని అమలు చేయించే పోలీసులు ఆ కోర్టుకు లేరు.

అపోహ: "ఇప్పుడు తిరిగి వెళ్ళిపోవచ్చుగా?"

వాస్తవం: 2018లో, 2019లో బంగ్లాదేశ్ శిబిరాల నుంచి పంపే ఏర్పాట్లు చేస్తే ఎవరూ కదల్లేదు. పౌరసత్వం లేదు, ప్రాణానికి హామీ లేదు. ఎలా కదులుతారు?

అపోహ: "యూఎన్ కార్డుంటే అన్నీ ఫ్రీ."

వాస్తవం: 1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే ఆ గుర్తింపు కార్డు చూపిస్తే ఆధార్ రాదు, రేషన్ రాదు. బడి సంగతి వేరు. ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో, ముందు సర్కారు బడిలో అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్ళండి అని చెప్పింది. మీ బస్తీ బడిలో హెడ్మాస్టరు సందేహిస్తే ఈ సంగతి చెప్పండి.