మంచుబండి ఇంజను పుట్టిల్లు ఎక్కడ?

2002 శీతాకాలంలో అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు పశ్చిమ ద్వారం దగ్గర టికెట్లు ఇచ్చే సిబ్బందికి ముఖానికి తగిలించుకునే శ్వాస మాస్కులు ఇచ్చారు. గేటు ముందు బారులు తీరిన స్నోమొబైళ్ల, అంటే మంచు మీద నడిచే మోటారు బండ్ల నీలిపొగ అంతగా ఊపిరాడనిచ్చేది కాదు. ఒకప్పుడు స్కూటరుకు బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ పోయించుకున్నవారికి ఆ వాసన గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పొగ పెట్రోలుతో పాటు నూనెనూ కాల్చే టూ స్ట్రోక్ ఇంజన్లది. కానీ స్నోమొబైల్ వాటితోనే మొదలైందనుకుంటే పొరపాటు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్ ఊళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ 1959లో అమ్మకానికి తెచ్చిన తొలి స్కీ-డూ మంచుబండికి ఉన్నది నూనెను విడిగా ఉంచుకునే కోలర్ కంపెనీ ఫోర్ స్ట్రోక్ ఇంజనే, 7 హార్స్‌పవర్‌ది. తర్వాత కొద్ది ఏళ్లకే ఆస్ట్రియా నుంచి వచ్చిన రోటాక్స్ కంపెనీ టూ స్ట్రోక్ దాన్ని పక్కకు నెట్టింది. మెత్తటి మంచులో ప్రతి కిలో బరువూ బండిని కిందికి లాగుతుంది. వాల్వులూ, క్యామ్‌షాఫ్టూ, నూనె తొట్టీ లేని తేలికైన ఇంజను దొరికాక బరువైనది ఎవరికి కావాలి? కాలని పెట్రోలు, నూనెతో కలిసి సైలెన్సరు గుండా బయటికి పోతున్న సంగతి మంచులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది ఎల్లోస్టోనే. మంచుబండ్లను నిషేధిస్తామని ఒక ప్రభుత్వం, నిషేధం వద్దని ఇంకో ప్రభుత్వం, మధ్యలో కోర్టులు. చివరికి 2004-05 శీతాకాలం నుంచి రోజుకు 720 బండ్లకు మించరాదనీ, అవి కూడా గైడు వెంట, పొగా చప్పుడూ పరిమితిలో ఉన్నవే రావాలనీ తాత్కాలిక నిబంధన పెట్టారు. ఆ పరిమితిని అందుకున్నవి దాదాపుగా ఫోర్ స్ట్రోక్ బండ్లే.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. స్నోమొబైల్ బజారు చిన్నది. దానికోసమే కొత్త ఇంజను పోతపోయించడం ఖర్చుతో కూడిన పని. అందుకే తయారీదారులు తలా ఒక చోటి నుంచి ఇంజను తెచ్చుకున్నారు. ఇంజనుకూ పుట్టిల్లూ, మెట్టినిల్లూ ఉంటాయి. ఎన్నాళ్లు మన్నుతుందని ఎవరైనా అడిగితే, ముందు ఎక్కడ పుట్టిందో చూడమంటాను.

ఆర్కటిక్ క్యాట్ అనే మంచుబండ్ల కంపెనీ తెచ్చింది సుజుకీ 660 సీసీ మూడు సిలిండర్ల ఇంజను. జపాన్‌లో చిన్న కార్లకు 1990 నుంచి ఉన్న పరిమితి అదే 660 సీసీ. మన మారుతి 800లో ఉన్నదీ సుజుకీ మూడు సిలిండర్ల ఇంజనే కాబట్టి, ఆ తీరు తెలుగువాళ్లకు కొత్త కాదు. యాభై పైచిలుకు హార్స్‌పవర్, అంటే లీటరు సామర్థ్యానికి లెక్కగడితే ఎనభై చిల్లర. అంత నిదానంగా నడిచే ఇంజను అరగడానికి తొందరపడదు.

యమహా దారి వేరు. 2007 మోడల్ ఫేజర్ మంచుబండికి పెట్టిన 499 సీసీ రెండు సిలిండర్ల ఇంజను బోరూ (సిలిండరు వెడల్పు), స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) ఆ కంపెనీ 250 సీసీ మోటోక్రాస్ బైకువే. నిమిషానికి 11 వేలకు పైగా తిరిగి 80 హార్స్‌పవర్ ఇస్తుంది. లీటరుకు 160! దాన్ని నాసిరకమనను. కానీ ఆ తిరుగుడును మోసే వాల్వులు, చైను, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండాలి.

ఈ రెండింటి నడుమ 2011 మోడల్‌తో స్కీ-డూలోకి వచ్చింది రోటాక్స్ 600 ఏస్. రెండు సిలిండర్లు, 60 హార్స్‌పవర్, లీటరుకు సరిగ్గా వంద. ఇది అరువు ఇంజను కాదు, మంచుబండి కోసమే చేసినది.

ఇంజను మన్నికలో పుట్టుక సగమే. మిగతా సగం చలి. ఒక మంచి సంగతేమిటంటే, మంచు మీద దుమ్ము ఉండదు. కారు ఇంజను పీల్చే ఇసుక రేణువులు దీని సిలిండర్లలోకి రావు. చెడ్డ సంగతి నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే కనపడుతుంది. సున్నాకు పాతిక డిగ్రీల కింద స్టార్టు చేసిన ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పోయాలి. అందులో ఆవిరి కానిది సిలిండరు గోడల వెంట జారి నూనెలో చేరుతుంది. ఇంటి నుంచి చేపల గుంట దాకా, మళ్లీ ఇంటికి అన్నట్టు పొట్టి ప్రయాణాలే చేస్తే నూనె వేడెక్కదు, ఆ పెట్రోలు ఎగిరిపోదు. పైగా నీటి చెమ్మ చేరి మూత అడుగున మజ్జిగ నురుగులా తెల్లగా పట్టుకుంటుంది. నూనె మట్టం తగ్గితే కంగారుపడటం మనకు అలవాటు. ఇక్కడ గీత దాటి పెరిగితే కంగారుపడాలి. పలచబడిన నూనె బేరింగులను కాపాడలేదు.

అందుకే పాత బండి కొనేవారు మీటరులో అంకె చూసి తృప్తిపడకూడదు. రోజంతా తిరిగి, వేళకు నూనె మార్చుకున్న అద్దె బండి, ఏడాదికి నాలుగు రోజులు తిరిగి ఎండాకాలమంతా పాత పెట్రోలుతో షెడ్డులో పడున్న బండి కంటే మెరుగ్గా ఉండవచ్చు. షెడ్డులో ఉన్నదాని గాలి పెట్టెలో ఎలుకలు గూడు కట్టాయేమో కూడా చూడాలి, ఇది హాస్యానికి అనడం లేదు.

ఇప్పుడు విడిభాగాల ప్రశ్న కూడా తోడైంది. 1968 నుంచి స్నోమొబైళ్లు చేస్తూ వచ్చిన యమహా ఆ వ్యాపారం మానుకుంటున్నట్టు 2023లో ప్రకటించింది. ఉత్తర అమెరికాలో 2025 మోడళ్లే చివరివి. రోటాక్స్ 600 ఏస్ మాత్రం 2019 నుంచి కెన్-యామ్ రైకర్ అనే మూడు చక్రాల బండిలోనూ తిరుగుతోంది. అటు గిరాకీ ఉన్నన్నాళ్లు ఇటు మంచుబండికీ పిస్టన్లు, గాస్కెట్లు దొరికే అవకాశం ఎక్కువ.