చేరే డబ్బు, తిరిగొచ్చే డబ్బు: బ్యాంకుల మధ్య బదిలీల్లో ప్రమాదం ఎక్కడుంది

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి పిక్కల సరుకుకు రెండు లక్షలు, అంతకు పైన కట్టాలంటే ఆర్టీజీఎస్ చేయొచ్చు. లక్షా తొంభై వేలైతే నెఫ్ట్ చేయాలి. చాలా బ్యాంకుల్లో రెంటికీ ఒకటే ఫారం, గడిలో టిక్కు ఒక్కటే తేడా. లోపల మాత్రం దారులు వేరు, ప్రమాదాలూ వేరు.

1974 జూన్ 26న జర్మనీలోని కొలోన్‌లో హెర్‌స్టాట్ బ్యాంకును అధికారులు మూసేశారు. అప్పటికే కొన్ని బ్యాంకులు దానికి జర్మనీ కరెన్సీ అయిన మార్కులు కట్టేశాయి. బదులుగా న్యూయార్క్‌లో అందాల్సిన డాలర్లు అందలేదు, అక్కడ ఇంకా పొద్దున్నే. ఇవ్వాల్సింది ఇచ్చేశాక రావాల్సింది రాకుండా పోయే ఆ ప్రమాదాన్ని నేటికీ హెర్‌స్టాట్ రిస్క్ అనే అంటారు. మన దేశంలో 2001లో గుజరాత్‌లోని మాధవపుర మర్కంటైల్ సహకార బ్యాంకు కూలినప్పుడు, దాని పే ఆర్డర్లను (బ్యాంకే పూచీ పడి రాసే చెక్కుల్లాంటివి) నమ్మి ముందే సొమ్ము ఇచ్చిన బ్యాంకు ఇలాగే ఇరుక్కుంది.

ఆర్టీజీఎస్ 2004 మార్చిలో మొదలైంది. ఇందులో ప్రతి చెల్లింపూ విడిగా, అప్పటికప్పుడే రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో తీరిపోతుంది. పంపే బ్యాంకు ఖాతాలో నిల్వ చాలకపోతే ఆ చెల్లింపు వరుసలో ఆగుతుంది తప్ప అరువు మీద ముందుకు పోదు. ఎగవేత భయం పోయింది కానీ పగటిపూట చేతిలో సొమ్ము చాలని ఇబ్బంది వచ్చింది. అందుకే ప్రభుత్వ బాండ్ల తాకట్టు మీద రిజర్వు బ్యాంకు పగటి అప్పు ఇస్తుంది.

2005 నవంబరులో వచ్చిన నెఫ్ట్‌ది మరో లెక్క. చెల్లింపులన్నీ పోగేసి, ఇప్పుడు అరగంటకొకటి చొప్పున రోజుకు 48 విడతల్లో తీరుస్తారు. ఒక బ్యాంకు పది లక్షలివ్వాలి, దానికి ఎనిమిది రావాలి అంటే కదిలేది రెండు లక్షలే. ఇలా చెల్లుకు చెల్లు వేసిన లెక్క తేలాక ఒక బ్యాంకు దివాలా తీసినా దాన్ని తిరగదోడకూడదని 2007 నాటి చెల్లింపుల చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఫోనుతో అప్పటికప్పుడు పంపే ఐఎంపీఎస్, యూపీఐల్లో మాత్రం ఖాతాదారుకు డబ్బు ముందే పడుతుంది, బ్యాంకుల లెక్క తర్వాత తేలుతుంది. ఆ మధ్య సమయంలో భారం అందుకునే బ్యాంకుదే.

నడిమి దారి గట్టిపడేకొద్దీ ప్రమాదం రెండు కొసలకూ, అంటే ఆదేశం పంపే బ్యాంకు వైపూ ఖాతాదారు వైపూ, మళ్ళింది. 2016 ఫిబ్రవరిలో ఆ దేశపు కేంద్ర బ్యాంకైన బంగ్లాదేశ్ బ్యాంకు వ్యవస్థలోంచి, బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే స్విఫ్ట్ ద్వారా దొంగ ఆదేశాలు వెళ్ళి, 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరాయి. ఏ బ్రాంచిలోనైనా మొదట చూడాల్సింది ఇదే: ఎంట్రీ వేసేవారూ ఆమోదించేవారూ ఒకరేనా, ఒకరి పాస్‌వర్డ్ మరొకరి దగ్గర ఉందా?

ఖాతాదారు వైపు ప్రమాదం పేరు దగ్గరుంది. పేరు సరిపోకపోయినా ఖాతా నంబరు ఒక్కటే చూసి జమ చేయవచ్చని 2010లోనే రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. మన జిల్లాల్లో దీనికి తోడు, బ్రాంచిని గుర్తించే, బ్యాంకులు కలిసినప్పుడు మారిపోయే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ల గందరగోళం. శ్రీకాకుళం కేంద్రంగా ఉన్న శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులోనూ, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోనూ కలిశాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గుజరాత్ తీరంలోని వేరావల్‌కు చేపల వేటకెళ్ళిన కొడుకు ఫోనులో ఇంకా పాత పాసుబుక్కు ఫొటోయే ఉంటుంది. చెల్లని కోడుతో పంపిన డబ్బు మామూలుగా వెనక్కే వస్తుంది. ఖాతా నంబరులో ఒక్క అంకె మారి, అది మరొకరి ఖాతాకు సరిపోతే మాత్రం రాదు. వాళ్ళు ఒప్పుకుంటేనో, కోర్టు చెబితేనో వస్తుంది. ఈ రెండో తప్పే అసలు భయపడాల్సింది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు పెట్టడానికి బ్యాంకులకు ఇచ్చిన గడువు 2025 ఏప్రిల్ 1. పదిహేనేళ్ళు ఆలస్యమైన మేలు ఇది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటూ సిగ్నలూ పోయాయి. ముంబైలో యంత్రాలు నడుస్తున్నా ఇక్కడ మెసేజ్ రాదు. అలాంటప్పుడు డబ్బు వెళ్ళలేదనుకుని మళ్ళీ పంపితే రెండుసార్లు పోతుంది. ముందు యూటీఆర్ నంబరు (ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చే గుర్తు సంఖ్య) పట్టుకుని బ్యాంకులో స్థితి అడగాలి. నెఫ్ట్‌లో జమ కాని సొమ్ము విడత తీరిన రెండు గంటల్లో తిరిగి రావాలి. ఖాతాలో కోతపడి అవతల చేరని యూపీఐ సొమ్ము మరుసటి రోజుకల్లా రాకపోతే, ఆపై రోజుకు వంద రూపాయలు బ్యాంకే కట్టాలి.