పోలీసులు లాక్కున్న పండెయిరో: సాంబా వెనక కథ

రియో డి జనీరో పేదవాడల్లో మోగే ఫంక్ అనే డాన్సు సంగీతం మీద బ్రెజిల్‌లో గొడవ చల్లారదు. అది సంగీతమే కాదని, దాని వెంట నేరాలు వస్తాయని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నూరేళ్ల కిందట సాంబాను ఇలాగే తిట్టారు.

1908లో పెన్యా జాతర దగ్గర జువాన్ డా బయానా అనే కళాకారుడి చేతిలోంచి పోలీసులు పండెయిరో లాక్కున్నారు. మన కంజీరను పోలిన సాంబా వాద్యం అది. సంగతి తెలిసిన సెనేటర్ పిన్యేరు మషాదు కొత్తది చేయించి, దాని మీద తన పేరు రాయించి మరీ ఇచ్చారు. ఆ పేరే జువాన్‌కు రక్షరేకు అయింది.

చేతిలో వాద్యం ఉంటే అంత అనుమానం ఎందుకు? బ్రెజిల్‌కు సుమారు 48 లక్షల మంది ఆఫ్రికన్లను బానిసలుగా తెచ్చారు. అమెరికా ఖండాల్లో అందరికంటే ఆఖరున, 1888 మే 13న, వాళ్లకు విముక్తి వచ్చింది. భూమి మాత్రం రాలేదు. బతుకుతెరువు కోసం ఈశాన్య రాష్ట్రం బాహియా నుంచి ఎందరో రియో రేవు పక్కకు చేరారు. ఆ పేటలకే ‘చిన్న ఆఫ్రికా’ అని పేరు పడింది.

అక్కడ మిఠాయిలమ్మి బతికిన పెద్దావిడ టియా సియాటా. టియా అంటే అత్త, పిన్ని. ఆమె ఇంటి ముందుగదిలో షోరు వాయించేవారు. యూరప్ పోల్కా రియో వీధుల్లో నల్లవాళ్ల చేతుల్లో పడి మారిన రూపం అది. వెనకగదిలో సాంబా, పెరట్లో డప్పులు. వీధిలోంచి చూసేవాడికి మర్యాదస్తుల విందే కనిపించేది. సాంబా పుట్టిల్లు ఏదంటే నేను ఆ వెనకగదినే చూపిస్తాను. 1916లో డోంగా అనే సంగీతకారుడు ‘పెలు టెలిఫోని’ అనే సాంబాను జాతీయ గ్రంథాలయంలో తన పాటగా నమోదు చేయించారు. ఆ ఇంట అందరూ కలిసి కట్టిన పాట ఒక్కరిదెలా అయిందని తగాదా లేచింది.

1928లో ఎస్టాసియో పేటలో తొలి సాంబా బడిగా, అంటే కార్నివాల్ ఊరేగింపులో ఆడిపాడే జట్టుగా చెప్పుకునే ‘డెయిషా ఫలార్’ మొదలైంది. తరవాతి దశాబ్దంలో దేశాధినేత వర్గాస్ ప్రభుత్వం, రేడియో కలిసి సాంబాను జాతీయ సంగీతం చేశాయి. దేశమంతా సాంబా ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఈశాన్యపు కరువుసీమ నుంచి లూయిజ్ గొంజాగా అకార్డియన్, డోలు, త్రికోణపు కడ్డీతో 1940లలో బయావు అనే అక్కడి సంగీతాన్ని దేశానికి వినిపించారు. ఈశాన్య నగరం రెసిఫీలో ఫ్రేవు, మరకటు అనే కార్నివాల్ సంగీతాలు ఉన్నాయి. 1958లో జువాన్ జిల్బెర్టు గిటారు మీద సాంబా లయను గుసగుసలా పలికించి బోసా నోవా తెచ్చారు.

పాటకు భయపడటం మాత్రం పోలేదు. సైనిక ప్రభుత్వం 1968 డిసెంబరులో గాయకులు జిల్బెర్టు జిల్‌ను, కయెటాను వెలోజును అరెస్టు చేసి, తరవాత దేశం దాటించింది. 2003లో అదే జిల్ సాంస్కృతిక మంత్రి అయ్యారు.

ఇక ఫంక్. 2009లో రియో రాష్ట్ర శాసనసభ దాన్ని ప్రజల సంస్కృతిగా గుర్తిస్తూ చట్టం చేసింది. ఫంక్ వ్యవహారాలను ముందుగా చూడాల్సింది సాంస్కృతిక విభాగాలేనని అందులో రాసుకుంది.