చేతికి తగిలి జారిపోయిన బంతి

చిరంజీవులైన మనుమలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

నాన్న విసిరిన బంతి చేతికి తగిలి కూడా ఎందుకు జారిపోతుందని పెద్దవాడు మొన్న ఫోనులో అడిగాడు. దానికి జవాబు మీరుండే ఇండియానాలోనే, సౌత్ బెండ్ పక్కనున్న నోట్రే డామ్ కళాశాల జట్టు 1913లో ఆడిన అమెరికా ఫుట్‌బాల్ ఆటల్లో ఉంది. అయితే ముందు మా ఊరి ఇటుకల సంగతి చెప్పాలి.

మా ఇంటి మీద మేడ వేస్తున్నప్పుడు నాకు పదకొండేళ్లు. తట్టలతో నిచ్చెన ఎక్కితే పొద్దుపోతుందని మేస్త్రీ ఒకణ్ణి కింద, ఇంకొకణ్ణి పరంజా మీద నిలబెట్టాడు. కిందివాడు విసిరిన ఇటుకను పైవాడు పూలదండ అందుకున్నట్లు అందుకునేవాడు. నేనూ పడతానని ఎక్కి చేతులు కర్రల్లా బిగించి నిలబడ్డాను. ఇటుక తగిలి జారిపోయింది, బొటనవేలి గోరు నల్లబడింది. "ఆపబోకు బాబూ, దాంతోపాటే చేతులు కాస్త వెనక్కి రానియ్యి" అన్నాడు మేస్త్రీ.

చేతులతో బంతి పట్టుకుని ఆడే ఈ అమెరికా ఫుట్‌బాల్ పూర్వం అంతా నిచ్చెన పనే. బంతిని పొట్టకు హత్తుకున్న ఒకణ్ణి మిగతావాళ్లు గుంపుగా ముందుకు నెట్టేవారు. 1905లో ఆ తొక్కిసలాటల్లో కుర్రవాళ్ల ప్రాణాలే పోవడంతో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కళాశాలల పెద్దలను పిలిచి మాట్లాడాడు. మరుసటి ఏడు బంతిని ముందుకు విసరవచ్చునని నియమం వచ్చింది కాని, ఎవరికీ తగలకుండా నేలపడితే అది ఎదుటి జట్టుకు పోయేది. అందుకే పరంజా కట్టినా చాలామంది నిచ్చెన వదల్లేదు. 1912లో విసిరే దూరానికున్న హద్దునూ తీసేశారు.

1913 వేసవిలో గస్ డొరాయిస్, నూట్ రాక్నీ అనే ఇద్దరు విద్యార్థులు ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున సీడార్ పాయింట్ అనే చోట పనికి కుదిరి, తీరిక దొరికినప్పుడల్లా ఇసుకలో బంతి విసురుకున్నారు. ఇప్పటి బంతికంటే అది లావు. దాన్ని ఛాతీతో ఆపకుండా, పరుగెత్తుతూనే వేళ్లు సడలించి అందుకోవడం రాక్నీ సాధించాడు. సెలవుల్లో చేసిన పనికి కూడా విలువ ఉంటుందని మీకు విడిగా చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను.

జెస్సీ హార్పర్ శిక్షణలో ఆ జట్టు ఒహాయో నార్తర్న్ జట్టుపై 87–0 గెలుపుతో మొదలుపెట్టింది. అటువంటి గెలుపు నాకంత ముఖ్యం కాదు. నవంబరు 1న వెస్ట్ పాయింట్‌లో సైనిక కళాశాల జట్టుతో ఆడిన ఆటే అసలు ఆట. రాక్నీ కాసేపు కుంటినట్లు నటించి, తనను కాపుకాస్తున్నవాడు ఏమరగానే ఒక్కసారిగా దౌడు తీశాడట. డొరాయిస్ విసిరిన బంతి వచ్చి అతని చేతుల్లో వాలింది. ఆ రోజు డొరాయిస్ 17 సార్లు విసిరితే 14 అందాయి, వాటితో జట్టు 243 గజాలు ముందుకు సాగింది. 35–13తో నోట్రే డామ్ గెలిచింది. సైనిక జట్టు ఆ ఏడాది ఓడింది ఆ ఒక్కసారే. తరువాత పెన్ స్టేట్, టెక్సస్ జట్లను కూడా గెలిచి, నోట్రే డామ్ ఏడు ఆటలకు ఏడూ నెగ్గింది.

ముందుకు విసరడం వీళ్లే కనిపెట్టారని ఎవరైనా అంటే నమ్మకండి. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం కుర్రవాళ్లు 1906లోనే విసిరారు. వీళ్లు చేసిందల్లా దాన్ని నమ్ముకోవడం. ఇటుకను మధ్యలో లాక్కోవడానికి ఎవడూ ఎగరడు కదా అని చిన్నవాడు అంటాడని తెలుసు. నిజమే, అయినా నాకు ఈ పోలిక వదలబుద్ధి కావడం లేదు.

ఈ శనివారం టీవీలో ఆట చూసేటప్పుడు బంతిని కాక, అందుకునేవాడి చేతులను చూడండి. తరువాత అమ్మనడిగి ఒక కోడిగుడ్డు తీసుకుని పెరట్లో ఒకరికొకరు విసురుకోండి. పగిలితే నా పేరు చెప్పండి.

మీ తాతయ్య