తగరం పోయి రాగి వచ్చిన కథ

వరంగల్, ములుగు వైపు చెరువుల్లో బోటింగ్ పెంచుదామన్న మాట వచ్చినప్పుడల్లా పడవల అడుగుకు పూసే రంగు గొడవ కూడా లేస్తుంది. ఈసారీ అంతే. బోట్లు నడిపేవాళ్లది ఒకటే జవాబు: నిషేధించిన తగరపు మందు మా రంగులో లేదు. అది నిజమే కావచ్చు. చేపలు పట్టేవాళ్లు అడుగుతున్నది మాత్రం దాని బదులు ఏం కలిపారని. ఆ రంగు వల్లే చెరువులో ఎండ్రికాయలు (పీతలు) చిక్కిపోతున్నాయన్నది వాళ్ల మాట.

నాచు, గుల్లలు పట్టకుండా ఓడల అడుగుకు విషపు రంగు వేయడం పాత సంగతే. ఈ గొడవకు మూలం 2008లో ఉందని నాకనిపిస్తుంది. తగరంతో చేసే ట్రైబ్యూటైల్ టిన్ అనే మందు ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ తీరంలో ఆయిస్టర్ల (ఆల్చిప్పల) సాగును దెబ్బతీస్తే, ఆ దేశం 1982లోనే చిన్న పడవలకు దాన్ని ఆపేసింది. ప్రపంచమంతా కలిసి దాన్ని ఆపడానికి పాతికేళ్లు పట్టింది. దాన్ని నిషేధిస్తూ 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబర్‌లో గానీ అమలుకు రాలేదు. తగరం ఖాళీ చేసిన చోటును రాగి, దానికి తోడు జింక్ పైరిథియోన్ లాంటి మందులు నింపాయి. పైగా ఆ ఒప్పందం సముద్రపు ఓడలకే. మన చెరువు పడవ దాని కిందికి రాదు.

రాగి ఎండ్రికాయకు పరాయిదేం కాదు. దాని నెత్తురులో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్‌లో ఉన్నది రాగే. అందుకే కొందరు ఈ మాటను తేలిగ్గా తీసేస్తారు. కానీ మోతాదు మించితే ముందు దెబ్బ తినేవి మొప్పలు. చెరువు ఎండ్రికాయ నెత్తురు చుట్టూ ఉన్న నీళ్లకంటే ఉప్పన. ఒంట్లోంచి జారిపోయే ఉప్పును మొప్పలు రాత్రింబగళ్లు నీళ్లలోంచి లాక్కుంటూనే ఉండాలి. ఆ పని చేసే ఎంజైమును రాగి అడ్డుకుంటుంది. మొప్పలు పాడైతే ఊపిరీ సరిగా అందదు. తిన్నదంతా ప్రాణం నిలుపుకోవడానికే ఖర్చయితే పెంకు విడిచి పెరగడానికి ఏం మిగులుతుంది? చచ్చి తేలితే పదిమందికీ కనిపిస్తుంది. ఇలా లోలోపల చిక్కిపోతే పట్టి చేతిలోకి తీసుకున్నవాళ్లకే తెలుస్తుంది. అందుకే వాళ్ల మాటను నేను కొట్టిపారేయలేను.

బోట్లవాళ్ల వైపు నుంచి ఒప్పుకోవలసిందీ ఉంది. రాగి దెబ్బ గురించిన పరిశోధనల్లో చాలా ల్యాబ్ తొట్లలో, కొన్ని సముద్రపు పీతల మీద జరిగినవి. మన మిర్చి తోటల్లో తెగుళ్లకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్ కూడా రాగే, వానకు అదీ చెరువులోకి దిగొచ్చు. అయితే మాత్రం, ఇప్పటికే రాగి చేరే నీళ్లలో ఇంకాస్త కలపొచ్చని అర్థమా?

ఇంత గొడవలోనూ గీకుడు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. కొత్త రంగు వేసే ముందు పాత పొరను గట్టు మీదే గీకితే ఆ పెచ్చులు మొదటి వానకే బురదలో కలుస్తాయి. ఎండ్రికాయ బొక్క చేసుకునేదీ, తిండి వెతుక్కునేదీ ఆ బురదలోనే. డబ్బా మీద రాసిన మందుల పేర్లు అందరి ముందూ చదివి చెప్పడానికి, గీకే పని చెరువుకు దూరంగా టార్పాలిన్ పరిచి చేయడానికి పెద్ద ఖర్చేం కాదు.