ఆర్డరిచ్చిన విమానాలు ఇంకా రాలేదేంటి? విమానాల తయారీలో అపోహలు - వాస్తవాలు

నేను ప్యాసింజర్ విమానాలకి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగ్ చూస్తాను, హైదరాబాద్ శివార్లలో. ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒక బాబాయ్ పట్టుకుని అడుగుతాడు, 2023లో ఎయిరిండియా 470 విమానాలు, ఇండిగో 500 ఆర్డరిచ్చాయని పేపర్లో వేశారు కదరా, మరి అవన్నీ ఏవి అని. భోజనాల బంతిలో కూర్చుని చెప్పేంత చిన్న విషయం కాదు, అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నా.

అపోహ: విమానం మీద ఎవరి పేరుంటే వాళ్లే మొత్తం తయారు చేస్తారు.

వాస్తవం: పేరున్న కంపెనీ డిజైన్ చేస్తుంది, చివర్లో కలుపుతుంది, పూచీ మొత్తం తనే మోస్తుంది, కానీ ముక్కలు చాలావరకు బయటివే. బోయింగ్ 787 తీసుకోండి. రెక్కలు జపాన్‌లో నగోయా నుంచి, ముక్కు భాగం అమెరికాలోని విచిటా నుంచి, బాడీలో కొంత ఇటలీ నుంచి వస్తాయి, వీటిని మోయడానికే పాత 747లని పొట్ట పెంచి డ్రీమ్‌లిఫ్టర్లుగా మార్చారు. ప్లాన్ బానే ఉంది, ప్రతి సప్లయరూ లోపల వైరింగు పైపులతో సహా అన్నీ బిగించి పంపిస్తే అమెరికాలో బోయింగ్ ఎవరెట్ ఫ్యాక్టరీలో కొద్ది రోజుల్లో కలిపేయొచ్చని. 2007 జులై 8న పెద్ద పండగ చేసి మొదటి విమానాన్ని జనానికి చూపించారు. బయట నుంచి చూస్తే నిండు విమానం, లోపల డొల్ల. ముక్కల్ని కలిపి పట్టుకునే అసలు ఫాస్టెనర్లు (బోల్టుల్లాంటివి) దొరక్క చాలాచోట్ల టెంపరరీవి పెట్టారు, తర్వాత అవన్నీ పీకి మళ్లీ బిగించాల్సొచ్చింది. ఎయిర్‌లైన్‌కి 2008 మేలో ఇస్తామన్నది 2011 సెప్టెంబర్‌లో ఇచ్చారు.

మా ఫీల్డ్‌లో దీన్ని ట్రావెల్డ్ వర్క్ అంటాం, అంటే అసెంబ్లీ లైన్‌లో ఒక స్టేషన్‌లో అవ్వాల్సిన పని అక్కడ అవ్వకుండా విమానంతో పాటు ముందుకెళ్లిపోవడం. ఇల్లు కట్టించినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. శ్లాబ్ పోసేముందు కరెంటు పైపులు వేయడం మర్చిపోతే తర్వాత శ్లాబ్ చెక్కాలి, ఒక పూట పని కాస్తా వారం పడుతుంది, పైగా శ్లాబ్ మునుపట్లా ఉండదు. నన్నడిగితే విమానాల ఆలస్యాల్లో చాలావాటి వెనక ఈ ఒక్క జబ్బే ఉంటుంది, మీరు ఏ ప్రోగ్రామ్ కథ చదివినా ఎక్కడో అక్కడ ఇది కనపడుతుంది.

అపోహ: ఇప్పుడు డిజైనంతా కంప్యూటర్లోనే కదా, స్క్రీన్ మీద సరిపోతే షాప్‌లో కూడా సరిపోతుంది.

వాస్తవం: ఎయిర్‌బస్ ఎ380లో ఒక్కో విమానానికి 500 కిలోమీటర్ల పైన వైరు ఉంటుంది. జర్మనీలోని హాంబర్గ్ ఇంజనీర్లు డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వాడారు, విమానాన్ని కలిపే ఫ్రాన్స్‌లోని టులూజ్ వాళ్లు కొత్తది. స్క్రీన్ మీద అంతా సవ్యంగానే కనపడింది, తీరా జర్మనీ నుంచి వచ్చిన వైరు కట్టలు బాడీలో లాగుతుంటే కొన్నిచోట్ల పొడవు చాల్లేదు, అల్యూమినియం వైరు వంపు తిరగడానికి ఎంత చోటు కావాలో లెక్కలో సరిగ్గా రాలేదు. వందలమంది జర్మన్ ఎలక్ట్రీషియన్లు టులూజ్ వెళ్లి చేత్తో వైరింగ్ చేశారు. దాదాపు రెండేళ్ల ఆలస్యం. సాఫ్ట్‌వేర్ని తిట్టి ఏం లాభం, రెండు ఊళ్ల మధ్య ఎవరు ఏ వెర్షన్‌లో పని చేస్తున్నారో మొదటి రోజే కూర్చుని తేల్చుకోవాల్సింది, అది మేనేజ్‌మెంట్ పని.

అపోహ: టెస్ట్‌లో రెక్క విరిగిందంటే విమానం ఫెయిల్.

వాస్తవం: కొన్నిసార్లు కావాలనే విరిచి చూస్తారు. సర్వీసులో రావచ్చనుకునే గరిష్ఠ లోడుకి ఒకటిన్నర రెట్లు పెట్టినా రెక్క కనీసం 3 సెకన్లు తట్టుకోవాలని రూల్. 1995లో బోయింగ్ 777 రెక్క 154 శాతం దగ్గర విరిగింది. అది పాసైనట్టు, అదీ గొప్పగా.

అపోహ: ఆర్డర్లున్నాయి, డబ్బులున్నాయి, ఇంకో షిఫ్ట్ పెట్టి మనుషుల్ని పెంచితే నెలకి డబుల్ చేయొచ్చు.

వాస్తవం: బాబాయ్‌లందరి ప్రశ్నా ఇదే. 1936లోనే థియొడోర్ రైట్ అనే ఇంజనీర్ లెక్కగట్టి చూపించాడు, మొత్తం చేసిన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే పని గంటలు సుమారు 20 శాతం తగ్గుతాయని. మన భాషలో చెయ్యి తిరగడం. కానీ చెయ్యి తిరగడానికి అదే మనిషి అదే పని మళ్లీ మళ్లీ చేయాలి. కోవిడ్ టైంలో చెయ్యి తిరిగినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు, కొత్తగా చేరినవాళ్లకి నేర్పే సీనియర్లు తక్కువైపోయారు, అదే టైంలో నెలకి చేసే విమానాల సంఖ్య పెంచమని పైనుంచి ఒత్తిడి. పైగా లైన్ స్పీడ్ మన చేతిలో ఉండదు, అందరికంటే నెమ్మదైన సప్లయర్ చేతిలో ఉంటుంది. అన్నీ పూర్తయి ఇంజిన్లు రాక ఆగిన విమానాలున్నాయి, సీట్లు రాక ఆగినవీ ఉన్నాయి.

తొందరపడితే ఏమవుతుందో 2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చూశాం. అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ 9 సుమారు 15,000 అడుగుల ఎత్తులో ఉండగా డోర్ ప్లగ్, అంటే వాడని ఎమర్జెన్సీ డోర్ చోటుని మూసే పలక, ఊడిపోయింది. ఆ సెక్షన్ బాడీ విచిటా సప్లయర్ దగ్గర్నుంచి కొన్ని రివెట్లు తప్పుగా వచ్చింది, వాటిని సరిచేయడానికి బోయింగ్ రెంటన్ ఫ్యాక్టరీలో ప్లగ్ తెరిచారు, తిరిగి పెట్టేటప్పుడు నాలుగు బోల్టులు పెట్టలేదు. ట్రావెల్డ్ వర్కే ఇది కూడా. రంధ్రం పక్క సీటు ఆ రోజు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ 737లు నెలకి 38 దాటకూడదని కట్టడి పెట్టింది, 2025 అక్టోబర్‌లో గానీ 42కి ఒప్పుకోలేదు.

అపోహ: పేపర్ వర్క్ అంతా ఫార్మాలిటీ.

వాస్తవం: పైన చెప్పిన డోర్ ప్లగ్ తెరిచినట్టు రికార్డులో ఎక్కడా రాయలేదు. రాసుంటే తిరిగి మూసాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాల్సొచ్చేది, నాలుగు ఖాళీ రంధ్రాలు కనపడేవి. మీకు ఫార్మాలిటీ అనిపించేది అక్కడ ప్రాణాలు కాపాడేది.

మా దగ్గర జరిగింది ఒకటి చెప్తా. అరచేతిలో పట్టేంత అల్యూమినియం బ్రాకెట్, 64 పీసుల లాట్, అంతా మెషినింగ్ అయిపోయింది, ప్రతి కొలతా డ్రాయింగ్‌లో ఇచ్చిన హద్దుల లోపలే ఉంది. డిస్పాచ్‌కి ముందు చూస్తే మెటీరియల్ సర్టిఫికెట్‌లో హీట్ నంబర్‌కీ (ఆ లోహం ఏ కొలిమి పోతలోదో చెప్పే నంబరు) ముడి లోహపు బార్ మీద కొట్టిన నంబర్‌కీ ఒక్క అంకె తేడా. కొత్తగా చేరిన ఆపరేటర్ ఒక పీసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "సార్, పీస్ బంగారంలా ఉంది కదా, ఎందుకు ఆపుతున్నారు" అన్నాడు. నిజమే, కంటికి బంగారమే. కానీ అది ఏ కొలిమిలోంచి వచ్చిన లోహమో తెలియకపోతే రేపు ఇరవయ్యేళ్ల తర్వాత ఎక్కడో ఒక పగులు కనిపించినప్పుడు అదే లోహంతో చేసిన మిగతా పీసులు ఏయే విమానాల్లో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. 64 పీసులూ ఎర్ర డబ్బాలో పెట్టి తాళం వేశాం. మెటీరియల్ పంపినవాళ్లు టైపింగ్ తప్పు అని ఒప్పుకుని, రుజువుతో సహా కొత్త సర్టిఫికెట్ ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ కస్టమర్ నుంచి పొద్దున ఒక ఫోను, సాయంత్రం ఒక ఫోను.

అపోహ: విమానం ఒకసారి ఎగిరిందంటే ఇక లాభాలే.

వాస్తవం: మిత్సుబిషి వాళ్ల స్పేస్‌జెట్ 2015లో ఎగిరింది, సర్టిఫికెట్ దాకా రాలేక 2023 ఫిబ్రవరిలో మూసేశారు. అమ్ముడుపోయినా గ్యారంటీ లేదు, లాక్‌హీడ్ ట్రైస్టార్ 250 చేశాక ఆ కంపెనీ ప్యాసింజర్ విమానాల వ్యాపారమే వదులుకుంది.

అపోహ: హైదరాబాద్‌లో చేసేది చిన్నాచితకా పార్టులే.

వాస్తవం: ఆదిబట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో 737కి తోక మీద నిలువుగా ఉండే ఫిన్ స్ట్రక్చర్ చేస్తున్నారు, అది చిన్నాచితకా పార్టు కాదు. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు చదివిన మన పిల్లలు ఈ ఇండస్ట్రీలో రివెట్ గన్ పట్టుకుని పని చేస్తున్నారు. రివెటింగ్ ఇద్దరి పని, ఒకరు గన్‌తో కొడితే అవతలి వైపు ఇంకొకరు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటారు, మధ్యలో గోడలా షీటు, ఒకరికొకరు కనపడరు. చప్పుడు బట్టీ, చేతికి తగిలే అదురు బట్టీ కొట్టింది సరిపోయిందో లేదో తెలుసుకుంటారు. ఆ జోడీ కుదరడానికి నెలలు పడుతుంది, ప్లాన్ షీటులో నేను ఆ నెలలు కూడా వేస్తాను.