చెవులు రెండే, చప్పుడు మాత్రం అన్ని వైపుల నుంచీ

ప్రియమైన పిల్లలూ,

సినిమాలో హెలికాప్టర్ వచ్చినప్పుడు అందరూ తలెత్తి పైకి చూశామని, తీరా చూస్తే గదిలో ఉన్నది టీవీ కింద ఒకే ఒక్క పొడుగాటి సౌండ్‌బార్ అని రాశారు. "పైన స్పీకరే లేదు కదా తాతయ్యా, మరి శబ్దం పైనుంచి ఎలా వచ్చింది?" అని అడిగారు. జవాబులో సగం ఆ సౌండ్‌బార్‌లో ఉంది, మిగతా సగం మీ చెవుల్లో ఉంది. ముందు చెవుల సంగతి చూద్దాం.

ఒక ఆట ఆడండి. ఒకరు కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంకొకరు తాళంచెవుల గుత్తిని కుడి పక్కన, ఎడమ పక్కన, ముఖానికి ఎదురుగా, నడినెత్తి మీద, ఇష్టమొచ్చిన వరసలో గలగలలాడించండి. ఎక్కడ మోగిందో కూర్చున్నవాళ్లు చెప్పాలి. చాలావరకు సరిగ్గానే చెప్పేస్తారు. తర్వాత వాళ్లు తమ చెవి డొప్పలను మడిచి తలకు అదిమి పట్టుకోవాలి. రంధ్రం మాత్రం మూసుకుపోకూడదు. మళ్లీ గుత్తి మోగించండి. కుడి ఎడమలు ఇప్పుడూ చెప్పగలుగుతారు. ఎదురుగానా, నెత్తిమీదా అన్న దగ్గరే తడబడతారు.

ఎందుకంటే ఆ రెండూ మెదడు తేల్చుకునే పద్ధతులు వేరు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కుడి పక్కన మోగిన చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, తలను చుట్టుకుని ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా వెళ్తుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువన్నా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. పైగా తల అడ్డం వస్తుంది కాబట్టి అటువైపు కొంచెం తగ్గి వినిపిస్తుంది. మెదడుకు ఈ రెండు తేడాలూ చాలు. లార్డ్ రేలీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1907లోనే ఇది వివరించాడు.

కానీ ఎదురుగా మోగినా నెత్తిమీద మోగినా రెండు చెవులకూ ఒకేసారి, ఒకేలా చేరుతుంది కదా! అక్కడ పనికొచ్చేవి చెవి డొప్పలోని మడతలు. పైనుంచి వచ్చిన శబ్దం ఆ మడతలకు తగిలి లోపలికి పోయేసరికి దానిలోని కీచు భాగాల్లో కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. ఎదురుగా వచ్చినదానికి ఈ హెచ్చుతగ్గులు మరోలా ఉంటాయి. వాటిని మెదడు అనుభవం మీద నేర్చుకుంటుంది. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరు పెద్దవాళ్ల చెవి డొప్పల్లో అచ్చులు అమర్చి మడతల ఆకారం మార్చేశారు. పై, కింద తేడా తెలియడం వెంటనే దెబ్బతింది. కొన్ని వారాలు అలాగే తిరిగాక మెల్లగా కుదురుకుంది. చిత్రమేమిటంటే, అచ్చులు తీసేశాక పాత చెవులతో వినడమూ మరిచిపోలేదు.

ఇళ్లలో పాటలు వినే పరికరాలు చాలాకాలం ఒక్క కుడి ఎడమలనే పట్టించుకున్నాయి. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అడెర్ అనే ఇంజనీర్ ఒపేరా వేదిక ముందు వరసగా టెలిఫోన్ మైకులు పెట్టి, దూరంగా ఉన్న శ్రోతలకు చెవికొక రిసీవర్ ఇచ్చాడు. గాయకులు వేదిక మీద అటూ ఇటూ కదులుతుంటే వినేవాళ్లకు తెలిసిపోయింది. కుడి ఎడమలకు వేర్వేరు శబ్దం పంపే ఈ పద్ధతికి, అంటే స్టీరియోకు, అసలు రూపం ఇచ్చింది మాత్రం లండన్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీర్ అలన్ బ్లమ్‌లైన్. 1931 డిసెంబర్‌లో పేటెంటుకు దరఖాస్తు చేసేనాటికి ఆయన వయసు 28. గ్రామఫోన్ రికార్డులో ఒకే గాడికి ఉన్న రెండు గోడల మీద కుడి, ఎడమ శబ్దాలను విడివిడిగా చెక్కవచ్చన్న ఆలోచన కూడా ఆ పేటెంటులోదే. 1942లో రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి ఆయన చనిపోయాడు. స్టీరియో రికార్డులు మార్కెట్లోకి రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. నన్నడిగితే ఆ తర్వాత వచ్చిన వాటిలో సగం ఆ యువకుడికి బాకీ పడ్డవే.

1970ల్లో నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టే క్వాడ్రాఫోనిక్ అని ఒకటి వచ్చింది. కంపెనీకో పద్ధతి, ఒకదాని రికార్డు ఇంకోదానిలో సరిగ్గా మోగదు. జనం విసుగెత్తి వదిలేశారు. అదే రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో మైకేల్ గెర్జన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు స్పీకర్ల లెక్క పక్కనపెట్టి, వినేవాడి చుట్టూ ఉన్న శబ్దం మొత్తాన్ని నాలుగు సిగ్నళ్లలో రాయవచ్చని చూపించాడు. ఒకటి అన్ని దిక్కులదీ కలిపి, మిగతావి ముందు వెనకలకు, కుడి ఎడమలకు, పై కిందలకు తలా ఒకటి. దాని పేరు ఆంబిసోనిక్స్. వ్యాపారంగా నిలబడలేదు. ఆయన 1996లో పోయాడు. ఈరోజు మీరు తల తిప్పి చూసే 360 డిగ్రీల వీడియోల్లో శబ్దం చాలావరకు ఆ లెక్కతోనే వస్తోంది.

తర్వాత ఇళ్లలోకి 5.1 వచ్చింది. ఐదు స్పీకర్లు, బరువైన శబ్దాల కోసం ఒక సబ్‌వూఫర్. శబ్దం చుట్టూ తిరిగింది గానీ నేల మీదే తిరిగింది.

అసలు మలుపు 2012లో డాల్బీ అట్మాస్ అనే కొత్త శబ్ద పద్ధతితో సినిమా హాళ్లలో వచ్చింది. 2014లో ఇళ్లకు చేరింది. మరుసటి ఏడాది అలాంటివే డీటీఎస్ ఎక్స్, ఎంపెగ్ హెచ్ వచ్చాయి. పైకప్పుకు స్పీకర్లు పెట్టడమే గొప్ప అనుకుంటారు చాలామంది. నాకైతే అంతకన్నా పెద్ద సంగతి వేరే ఉంది. అంతకుముందు సౌండ్ ఇంజనీర్ "ఈ చప్పుడు వెనక కుడి స్పీకర్‌లో రావాలి" అని రికార్డు చేసేవాడు. ఇప్పుడు హెలికాప్టర్ చప్పుడును విడిగా ఉంచి, "ఈ క్షణంలో ఇది గదిలో ఫలానా చోట, ఇంత ఎత్తులో ఉండాలి" అని చిరునామా రాసిపెడతాడు. మీ ఇంట్లో ఉన్నవి రెండు స్పీకర్లా, పన్నెండా అని చూసుకుని, ఆ చోటికి చేర్చే బాధ్యత మీ ఇంట్లోని యంత్రానిది. పెట్టె మీద 5.1.2 అని ఉంటే చివరి అంకె పైనుంచి వినిపించే స్పీకర్లది. ఆ మూడో అంకె లేకపోతే, అట్మాస్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, పైన వినిపించేదంతా కనికట్టే.

ఇప్పుడు మీ సౌండ్‌బార్ సంగతి. కొన్నిటికి పైముఖంగా స్పీకర్లు ఉంటాయి. అవి శబ్దాన్ని పైకప్పుకు కొట్టి మీ మీదికి దించుతాయి. పైకప్పు చదునుగా ఉంటేనే ఇది కుదురుతుంది. ఏటవాలుగా ఉంటే శబ్దం ఎటో పోతుంది. పైస్పీకర్లు లేని రకాలు మీ మెదడును బుట్టలో వేస్తాయి. పైనుంచి వచ్చినప్పుడు చెవి మడతలు చేసే ఆ హెచ్చుతగ్గులను ముందే శబ్దంలో కలిపి పంపిస్తాయి. ఇందులో ఒక చిక్కుంది. ఎడమ చెవికని పంపింది కుడి చెవికీ వినిపిస్తుంది. దాన్ని రద్దు చేయడానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండే శబ్దాన్ని రెండోవైపు నుంచి పంపే పద్ధతిని 1960ల్లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో అటల్, ష్రోడర్ అనే ఇద్దరు కనిపెట్టారు. అది బాగా పనిచేసేది ఒక్క చోటే, స్పీకర్లకు సమాన దూరంలో నడిమధ్య. సోఫాలో మధ్య సీటు కోసం మీరు కొట్టుకుంటారని రాశారు కదా, కారణం లేకపోలేదు.

ఇయర్‌ఫోన్స్‌లో ఈ కలగాపులగం ఉండదు. ఏ చెవికి పంపింది ఆ చెవికే. కానీ ఎవరి చెవి మడతలు కలిపి పంపాలి? చాలాకాలం ప్రయోగశాలలో ఒక బొమ్మ తలకు రబ్బరు చెవులు పెట్టి, కొలిచిన లెక్కలనే అందరికీ వాడారు. మీ చెవి ఆ బొమ్మ చెవిలా ఉంటే అదృష్టం, లేకపోతే ఎదురుగా ఉండాల్సిన గొంతు నెత్తిమీదో, తల లోపలో వినిపిస్తుంది. అందుకే ఇప్పుడు కొన్ని ఫోన్లు మీ చెవులను కెమెరాతో స్కాన్ చేయమని అడుగుతున్నాయి. ఆ స్కాన్ ఎవరిది వాళ్లే చేసుకోండి. అక్క చెవికి కుదిరిన లెక్కతో తమ్ముడు వింటే, హెలికాప్టర్ నెత్తిమీద కాకుండా ముక్కు ముందు ఎగరవచ్చు.

ప్రేమతో,
మీ తాతయ్య